లారీ మనదే, డ్రైవరు ఎవరి మనిషి?

(మా ఊరి తెలుగు సంఘం చిన్న వ్యాపారుల కోసం పెట్టిన సమావేశంలో చేసిన ప్రసంగం. సావనీర్ సంపాదకులు అడిగితే, ఆ రోజు సభలో వచ్చిన ఒకటి రెండు ప్రశ్నలు కూడా కలిపి రాసి ఇచ్చాను.)



ముందుగా ఒక చిన్న మనవి. ఈ దేశంలో ట్రక్కు కంపెనీలకి ఒక పెద్ద సంఘం ఉంది. పేరు అమెరికన్ ట్రకింగ్ అసోసియేషన్స్, పొట్టిగా ఏటీఏ. ఒకరోజు ఫోన్లో "ఏటీఏ వాళ్ల కొత్త లెక్కలు చూశారా?" అని నేనెవరినో అడుగుతుంటే, పక్క గదిలోంచి మా ఆవిడ "ఈసారి మహాసభలు ఏ ఊళ్లోనట?" అంది. కనుక ఈ ప్రసంగంలో ఏటీఏ అన్నచోటల్లా లారీల ఏటీఏ అని, మన ఆటా కాదని గ్రహించ ప్రార్థన.

నేనుండేది ఇండియానాపొలిస్. 65, 69, 70, 74 నంబర్ల ఇంటర్‌స్టేట్‌లు కలిసే ఊరు. చిన్న చిన్న ట్రక్కు కంపెనీలకి పేరోలు లెక్కలు, డ్రైవర్ల ఫైళ్లు చూసిపెట్టడం ఇరవై ఏళ్లుగా నా వృత్తి. లాయర్ని కాను. నేను చెప్పేది విని, మీ రాష్ట్రంలో లేబర్ చట్టం తెలిసిన లాయర్ని ఒక గంట కూర్చోబెట్టి అడగండి. ఆ గంటకి ఆయన తీసుకునే ఫీజు ఒక టైరు ఖరీదు కంటే ఎక్కువ ఉండదు.

పుట్టింది కృష్ణా జిల్లాలో. విజయవాడ ఆటోనగర్ చప్పుళ్లు వింటూ పెరిగినవాణ్ణి. మా మేనమామ గారికి రెండు లారీలుండేవి. కిరాయి, లోడు, బత్తా, క్లీనరు అన్న మాటలు నాకు అక్షరాలతో పాటే వచ్చాయి. అప్పట్లో మన దేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఉండేది. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదని అది చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో కలిసిపోయింది. ఆ చట్టం అయిదుగురు పనివాళ్ల దగ్గర మొదలయ్యేది. మా మామయ్యకి ఇద్దరు డ్రైవర్లు, ఇద్దరు క్లీనర్లు, వెరసి నలుగురు. ఆయనకి ఈ లెక్క తెలుసో లేదో గాని, మూడో లారీ మాత్రం కొనలేదు!

ఇక్కడ అలాంటి అంకె చూసుకుని ఊరుకోవడానికి లేదు. ఒక్క ట్రక్కు, ఒక్క డ్రైవరు, రాష్ట్రం సరిహద్దు దాటిన ఒక్క లోడు. అంతే, ఫెడరల్ వేతన చట్టం మీ గుమ్మంలో ఉన్నట్టే.

ఇదంతా మనకెందుకంటారా? నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు నా క్లయింట్లలో పంజాబీలున్నారు, తూర్పు యూరప్ వాళ్లున్నారు, తెలుగువాడు ఒక్కడూ లేడు. గత పదేళ్లలో మనవాళ్లు వచ్చారు. కొందరు రెండు మూడు ట్రక్కులు కొన్నారు. కొందరు పార్సెల్ డెలివరీ రూట్లు కొన్నారు. కొందరు ఇంట్లో కూర్చుని డిస్పాచ్ చేస్తున్నారు. ఎక్కువమందికి పగలు ఐటీ ఉద్యోగం ఉంది, ట్రక్కు పెట్టుబడి. ఫ్లాటు కొనే బదులు ఫ్రైట్‌లైనర్ కొన్నామంటారు. ఫ్లాటుకీ ట్రక్కుకీ ఒక తేడా ఉంది. ఫ్లాటు లోపల మనిషి నిద్రపోతే అద్దె వస్తుంది. ట్రక్కు లోపల మనిషి మేలుకుని ఉంటేనే డబ్బు వస్తుంది. ఆ మనిషి గురించే నేను మాట్లాడబోతున్నాను.

ఆ మనుషులు ఎంతమంది? 2024 నాటి ఫెడరల్ లెక్కల ప్రకారం పెద్ద ట్రక్కులు నడిపేవాళ్లు సుమారు 22 లక్షలు. వాళ్ల మధ్యస్థ వార్షిక వేతనం 57,440 డాలర్లు. అంటే సగంమందికి అంతకంటే తక్కువ. వారాల తరబడి ఇల్లు వదిలి, ట్రక్కులోనే పడుకుని సంపాదించేవాళ్లు కూడా ఈ లెక్కలోనే ఉన్నారు.

ఒకప్పుడు ఈ పని ఇలా ఉండేది కాదు. 1935 చట్టం కింద ఏ కంపెనీ ఏ రూట్లో తిరగాలో, ఎంత రేటు తీసుకోవాలో ప్రభుత్వమే చూసేది. 1964లో జిమ్మీ హోఫా నాయకత్వంలో టీమ్‌స్టర్స్ యూనియన్ దేశమంతటికీ ఒకే వేతన ఒప్పందం తెచ్చింది. ఆ రోజుల్లో ట్రక్కు డ్రైవరంటే ఇల్లు, కారు, పెన్షను ఉన్న మనిషి. 1980 జులై 1న ప్రెసిడెంటు కార్టర్ మోటార్ క్యారియర్ చట్టం మీద సంతకం చేశాడు. తలుపులు తెరిచారు. ఎవరైనా ట్రక్కు కొనుక్కోవచ్చు, రేటు తగ్గించి లోడు తెచ్చుకోవచ్చు. సరుకు రవాణా చవకయింది, నిజమే. ఆ చవకలో పెద్ద భాగం డ్రైవరు జేబులోంచే వచ్చిందని వేన్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మైకేల్ బెల్జర్ 2000లో ఒక పుస్తకమే రాశాడు. దాని పేరు 'స్వెట్‌షాప్స్ ఆన్ వీల్స్'. పేరులోనే ఆయన తీర్పు ఉంది. ఆ పాత ప్రపంచపు చివరి పెద్ద కంపెనీల్లో ఒకటైన ఎల్లో 2023 జులై ఆఖరున మూతపడింది. దాదాపు 30,000 మంది ఉద్యోగాలు ఒక్కసారిగా పోయాయి. అందులో 22,000 మంది యూనియన్ వాళ్లు.

అయితే ఈ తలుపులు తెరవబట్టే మనబోటివాళ్లం లోపలికి రాగలిగాం. అదీ ఒప్పుకోవాలి. ఈ దేశంలో పదికి తొమ్మిది ట్రక్కు కంపెనీలు పది ట్రక్కుల లోపువే.

ఇక డ్రైవర్ల కొరత. టీవీలో మీరు వినే ఉంటారు. 2021లో ఏటీఏ వాళ్లు 80,000 మంది డ్రైవర్ల కొరత ఉందన్నారు. అంతకు రెండేళ్ల ముందు, 2019లో, లేబర్ శాఖ వారి పత్రికలో స్టీఫెన్ బర్క్స్, క్రిస్టెన్ మొనాకో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇది మిగతా ఉద్యోగాల మార్కెట్ లాంటిదేననీ, జీతం పెరిగితే జనం వస్తారనీ తేల్చారు. నా మాట అడిగితే నేను ఆ ఇద్దరి పక్షం. దూరప్రయాణాలు చేసే పెద్ద కంపెనీల్లో ఎన్నో ఏళ్లపాటు డ్రైవర్ల టర్నోవరు 90 శాతం పైన నడిచింది. అంటే వంద సీట్లకి ఏడాదిలో తొంభైకి పైగా కొత్తవాళ్లని వెతుక్కోవాలి. కుండకి చిల్లు పెట్టుకుని, బావిలో నీళ్లు లేవంటే ఎలా?

ఇప్పుడు అసలు విషయానికొస్తాను.

మన ఐటీ వాళ్లకి డబ్ల్యూ-టూ, టెన్-నైంటీనైన్, కార్ప్-టు-కార్ప్ అన్న మాటలు కొత్త కాదు. పెళ్లిచూపుల్లో కూడా అడుగుతారు, అబ్బాయి ఫుల్‌టైమా కాంట్రాక్టా అని. అందుకేనేమో ట్రక్కు కొనగానే మనవాళ్లకి తట్టే మొదటి ఆలోచన, డ్రైవర్ని 1099 మీద పెట్టేద్దామని. పేరోలు టాక్సులో మన వాటా 7.65 శాతం తప్పుతుంది. వర్కర్స్ కాంపెన్సేషన్ ప్రీమియం తప్పుతుంది. నిరుద్యోగ భృతికి కట్టేది తప్పుతుంది. డ్రైవరు కూడా చాలాసార్లు "నాకూ అదే కావాలి" అంటాడు, ఎందుకంటే వారం వారం చేతికొచ్చే చెక్కు పెద్దగా కనిపిస్తుంది. ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటారు. ఇద్దరూ సంతోషమే.

ఆ కాగితం ఎందుకూ పనికిరాదని చెప్పడానికే నేనింత దూరం వచ్చాను. డ్రైవరు ఉద్యోగా, స్వతంత్ర కాంట్రాక్టరా అన్నది కాగితం మీది పేరు తేల్చదు, పని జరిగే తీరు తేలుస్తుంది. ట్రక్కు ఎవరిది? డీజిల్ కార్డు ఎవరిది? ఇన్సూరెన్స్ ఎవరు కడుతున్నారు? ఏ లోడు ఎక్కించాలో, ఎన్ని గంటలకి దించాలో ఎవరు చెబుతున్నారు? ఈ లోడు నాకొద్దు అంటే మళ్లీ లోడు ఇస్తారా? రేపు ఇంకో కంపెనీకి నడుపుకోవచ్చా? నష్టం వస్తే ఎవరికి? మీ ట్రక్కు, మీ కార్డు, మీ డిస్పాచరు, మైలుకి మీరు చెప్పిన సెంట్లు. వీటన్నిటికీ జవాబు మీ పేరే అయితే అతను మీ ఉద్యోగి. మధ్యలో అతని చేత ఎల్ఎల్‌సీ పెట్టించినా అంతే.

పేరు చెప్పను గాని, పక్క రాష్ట్రంలో ఒక తెలుగు దంపతుల సంగతి చెబుతాను. 2021 చివర్లో, రేట్లు ఆకాశంలో ఉన్నప్పుడు, మూడు పాత ట్రాక్టర్లు కొన్నారు. ముగ్గురు డ్రైవర్లు, ముగ్గురూ 1099. ఆయన ఐటీ, ఆవిడ చెక్కులు రాసేది, ఆయన తమ్ముడి వరస ఒకాయన రాత్రిపూట డిస్పాచ్. ఏడాది బాగానే నడిచింది. తర్వాత రేట్లు పడిపోయాయి. 2023లో ఒక ట్రక్కు ఆపేసి, ఆ డ్రైవరుకి "లోడ్లు లేవు బాబూ" అన్నారు. మర్యాదగానే అన్నారు, ఆఖరి వారం డబ్బు కూడా పూర్తిగా ఇచ్చారు. అతను ఇంటికెళ్లి నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఎక్కడ పనిచేశావని ఆఫీసు అడిగింది. వీళ్ల కంపెనీ పేరు చెప్పాడు. చూస్తే ఆ కంపెనీ పేరు మీద పేరోలే లేదు.

అతను ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. ఇల్లు గడవక ఒక ఫారం నింపాడు, అంతే. దానితో ఆడిట్ వచ్చింది. ఆడిటరు ఒక్క డ్రైవరు సంగతి అడగలేదు, ముగ్గురి సంగతీ, మొదటి రోజు నుంచీ అడిగాడు. కట్టని భృతి చందా, దాని మీద వడ్డీ, దాని మీద జరిమానా. ఆ వెనుకే వర్కర్స్ కాంపెన్సేషన్ వాళ్లు పాత ప్రీమియం అడిగారు. వాళ్లు నా దగ్గరికి వచ్చేసరికి రెండో ట్రక్కు కూడా అమ్మేశారు. ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "మాది ఎల్ఎల్‌సీ కదండీ, ఇల్లు జోలికి రారు కదా?"

దీనికి జవాబు మీరంతా వినాలి. ఫెడరల్ వేతన చట్టంలో 'యజమాని' అంటే కంపెనీ ఒక్కటే కాదు. కంపెనీ తరఫున పనివాళ్లని నడిపించే మనిషి కూడా యజమానే. జీతాలు నిర్ణయించి, మనుషుల్ని పెట్టుకుని, తీసేసే సొంతదారుని కోర్టులు వ్యక్తిగతంగా బాధ్యుణ్ణి చేస్తూ వచ్చాయి. అలాగే, డ్రైవరు జీతంలోంచి పట్టుకున్న టాక్సు ప్రభుత్వానికి కట్టకపోతే, చెక్కుల మీద సంతకం పెట్టే మనిషి దగ్గరే వసూలు చేసే అధికారం ఐఆర్ఎస్‌కి ఉంది. ఎల్ఎల్‌సీ అనే గొడుగు ఈ రెండు వానలకీ ఆగదు. ఆ దంపతులకి ఇల్లు దక్కింది. పిల్లల కాలేజీ కోసం దాచింది మాత్రం దక్కలేదు.

రాష్ట్రాన్ని బట్టి పరీక్ష మారుతుంది. అన్నిటికంటే గట్టిది కాలిఫోర్నియాది. డైనమెక్స్ అనే కొరియర్ కంపెనీ 2004లో తన డ్రైవర్లందర్నీ కాంట్రాక్టర్లుగా మార్చేసింది. ఆ కేసు పద్నాలుగేళ్ల తర్వాత, 2018 ఏప్రిల్‌లో, రాష్ట్ర సుప్రీంకోర్టులో తేలింది. అక్కడ పుట్టిందే ఏబీసీ పరీక్ష అని మనవాళ్లు చెప్పుకుంటారు గాని, అంతకు ముందే మాసచుసెట్స్, న్యూజెర్సీ లాంటి చోట్ల కొద్ది తేడాలతో ఉంది. కాలిఫోర్నియా పద్ధతిలో మూడూ రుజువు చేయాల్సింది యజమానే. పని చేసే తీరులో అతని మీద మీ అదుపు లేదని, అతను చేసే పని మీ వ్యాపారానికి బయటిదని, అతనికి తనదంటూ వేరే వ్యాపారం ఉందని. మధ్యలోదే గొంతులో ముల్లు. ట్రక్కు కంపెనీకి ట్రక్కు నడపడం బయటి పని అని ఏ నోటితో అంటాం? 2020 జనవరి నుంచి ఇది ఏబీ-5 పేరుతో చట్టమయింది. ట్రక్కు కంపెనీల వాళ్లు పోరాడారు, 2022 జూన్ 30న అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసు వినబోనంది. జులైలో ఓక్లండ్ రేవులో సొంత ట్రక్కుల డ్రైవర్లే నిరసనకి దిగి గేట్లు ఆపేశారు. అదీ గుర్తుంచుకోవాలి, కాంట్రాక్టరుగా ఉండడమే కావాలనుకునే సొంత ట్రక్కు డ్రైవర్లు నిజంగా ఉన్నారు. వాళ్లది వేరే కులం. సొంత ట్రక్కు, సొంత అప్పు, నచ్చని లోడు కాదనే ధైర్యం. అలాంటి మనిషిని మీ కంపెనీ కింద లీజుకి పెట్టుకోవాలంటే ఫెడరల్ లీజు నిబంధనలున్నాయి. రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి, ఏయే కోతలు పెడతారో అందులోనే రాయాలి, ట్రిప్పు కాగితాలు అందిన 15 రోజుల్లోపు డబ్బివ్వాలి.

మన ట్రక్కునే డ్రైవరుకి 'లీజ్-పర్చేజ్' అని అంటగట్టి, వారం వారం కిస్తీ కోసుకుని, చివరికి ట్రక్కు అతనిది కాకుండానే పంపేసే పద్ధతి ఇంకోటుంది. దాన్ని నిషేధించమని ఫెడరల్ ప్రభుత్వం వేసిన టాస్క్‌ఫోర్సే 2025 జనవరిలో సిఫారసు చేసింది. ఎవరైనా మీకు ఆ ఐడియా చెబితే కాఫీ ఇచ్చి పంపేయండి.

ఫెడరల్ స్థాయిలో ఈ కాంట్రాక్టరు నిబంధన ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారుతోంది. 2021లో ఒకటి, 2024 మార్చిలో ఇంకొకటి. 2025 మే నెలలో లేబర్ శాఖ ఆ 2024 దాన్ని తన తనిఖీల్లో వాడబోనని ప్రకటించింది. ఇది చూసి "ఇప్పుడు పరవాలేదట" అనుకోవద్దు. రాష్ట్రం మారలేదు, డ్రైవరు వేసే సొంత కేసు ఆగదు. ఒప్పందంలో కోర్టుకి వెళ్లకూడదు, ఆర్బిట్రేషనే అని రాయించుకున్నా, 2019 జనవరిలో న్యూ ప్రైమ్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఏం చెప్పిందో తెలుసు కదా? రవాణా కార్మికుడు కాంట్రాక్టరు అయినా సరే, ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టం బలంతో అతణ్ణి కోర్టు గుమ్మంలోంచి వెనక్కి పంపలేరని.

ఇక ఓవర్‌టైం. ఇక్కడ మన వాళ్లు సగం విన్న మాట ఒకటుంది, "ట్రక్కు డ్రైవర్లకి ఓవర్‌టైం ఇవ్వక్కర్లేదు" అని. 1938 నాటి ఫెడరల్ వేతన చట్టంలో ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే. రాష్ట్రాల మధ్య సరుకు మోసే డ్రైవర్లకి వర్తిస్తుంది. వినని సగం ఏమిటంటే, 2008లో పార్లమెంటు, అదే, కాంగ్రెసు, ఒక గీత గీసింది. బండి బరువు రేటింగు 10,000 పౌన్లు, అంతకంటే తక్కువ అయితే ఆ డ్రైవరుకి 40 గంటలు దాటాక ఓవర్‌టైం ఇవ్వాలి. మన వాళ్లు కొంటున్న డెలివరీ రూట్లలో తిరిగే వ్యాన్లు చాలావరకు ఏ బరువువి? గీతకి ఈవలివే.

అక్కడ నడిచేది రోజు కూలీ పద్ధతి. "రోజుకి 150 డాలర్లు, పార్సిళ్లు అయిపోతే వెళ్లిపో." డ్రైవరు వారానికి ఆరు రోజులు వస్తాడు, 900 తీసుకుంటాడు. లెక్కపెడితే 60 గంటలు పనిచేశాడు. 900ని 60తో భాగిస్తే గంటకి 15. నలభై దాటిన 20 గంటలకీ అదనంగా సగం, అంటే ఏడున్నర చొప్పున 150 డాలర్లు బాకీ. ఒక్క వారానికి. ఏడాదికి 7,800. పదిమంది డ్రైవర్లుంటే 78,000. చట్టం రెండేళ్లు వెనక్కి వెళ్లనిస్తుంది, 1,56,000. దానికి సమానంగా నష్టపరిహారం కలిపి రెట్టింపు చేస్తే 3,12,000. తెలిసి ఎగ్గొట్టారని తేలితే మూడేళ్లు, అప్పుడు 4,68,000. వాళ్ల లాయరు ఫీజు వేరే, అదీ మీరే. అదే రోజు కూలీని గంటల కూలీగా మార్చి, రూట్లు సరిచేసి, వారానికి 45 గంటల్లో పని అయ్యేలా చూసుకున్న క్లయింట్లు నాకున్నారు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమెందుకు?

గంటలు రాసి ఉంచండి. పేరోలు రికార్డులు మూడేళ్లు దాచాలి. మీ దగ్గర రికార్డు లేకపోతే డ్రైవరు చెప్పిన అంచనాకే కోర్టు బరువిస్తుంది.

పెద్ద ట్రక్కులకి ఓవర్‌టైం లేదు గాని గంటల హద్దు ఉంది. వరుసగా 10 గంటల విశ్రాంతి తర్వాత డ్యూటీ ఎక్కితే, 14 గంటల లోపల 11 గంటలే నడపాలి. 8 గంటలు నడిపాక అరగంట ఆగాలి. ఎనిమిది రోజుల్లో 70 గంటలు. 2017 డిసెంబరు నుంచి ఇవన్నీ ఇంజనుకి తగిలించిన ఎలక్ట్రానిక్ లాగ్‌లో పడుతున్నాయి. ఆ సాఫ్ట్‌వేరు రాసినవాళ్లలోనూ మనవాళ్లున్నారు, సంతోషం. దాన్ని వెనకనుంచి దిద్దిపెడతామని ఫోన్లు చేసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల జోలికి పోకండి.

అయితే ఆ యంత్రం గంటలు కొలుస్తుంది గాని డబ్బు కొలవదు. డ్రైవరుకి మైలు లెక్కన ఇస్తాం. వేర్‌హౌస్ దగ్గర నాలుగు గంటలు నిలబెడితే చక్రం తిరగదు, పైసా రాదు, 14 గంటల గడియారం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఈ ఎదురుచూపుల వల్ల దూరప్రయాణ డ్రైవర్లు ఏటా 110 నుంచి 130 కోట్ల డాలర్లు నష్టపోతున్నారు. సగటు ఎదురుచూపు 15 నిమిషాలు పెరిగితే ప్రమాదాల రేటు 6.2 శాతం పెరుగుతుందని కూడా అందులోనే ఉంది. పోయిన నాలుగు గంటల్ని అతను ఎక్కడో స్పీడుగా నడిపి రాబట్టుకోవాలని చూస్తాడు మరి. అందుకని నా క్లయింట్లకి ఒక మాట చెబుతాను. బ్రోకరు మీకు డిటెన్షన్ డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, మీరు రెండు గంటలు దాటాక గంటకింత అని డ్రైవరుకి ఇవ్వండి. చట్టం ఆ పేరుతో అడగదు. కానీ కనీస వేతనం చట్టం అడుగుతుంది. వారం మొత్తం గంటలకి వచ్చింది భాగిస్తే గంటకి ఏడుంపావు కంటే తగ్గకూడదు, చాలా రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ.

డ్రైవరు అలసిపోయానంటే నడపమనకూడదు. ఇది మంచితనం కాదు, 1982 నాటి చట్టం. 2009 జనవరిలో ఇల్లినాయి రాష్ట్రంలో గడ్డకట్టే చలిలో ఒక ట్రెయిలరు బ్రేకులు బిగుసుకుపోయాయి. క్యాబిన్‌లో హీటరు లేదు. డ్రైవరు ఆఫీసుకి ఫోన్ చేశాడు, అక్కడే ఉండమన్నారు. గంటలు గడిచాయి, కాళ్లు మొద్దుబారాయి. ట్రెయిలరు విప్పేసి ట్రాక్టరు వేసుకుని వెళ్లి ప్రాణం కాపాడుకున్నాడు. సరుకు వదిలేశాడని కంపెనీ ఉద్యోగంలోంచి తీసేసింది. ఏడేళ్ల తర్వాత 2016లో ఫెడరల్ అప్పీలు కోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది. ముగ్గురు జడ్జీల్లో కాదన్న ఒక్కరు నీల్ గోర్సచ్. ఇందాక చెప్పిన న్యూ ప్రైమ్ తీర్పు డ్రైవరుకి అనుకూలంగా రాసినదీ ఆయనే. న్యాయశాస్త్రం నాకు తెలియదు గాని, ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవడం నాకిష్టం.

2016 నుంచి డిస్పాచరే కాదు, బ్రోకరు, సరుకు పంపేవాడు, దించుకునేవాడు కూడా గంటలు మించి నడపమని డ్రైవర్ని బెదిరిస్తే తప్పే. మీ తమ్ముడు రాత్రి రెండింటికి పంపే వాట్సాప్ మెసేజి రేపు సాక్ష్యం. ఆ తమ్ముడు హెచ్-1బి మీద ఉండి మీకు డిస్పాచ్ చేస్తుంటే, అది ఇంకో ఉపద్రవం. దానికి ఇమిగ్రేషన్ లాయరు దగ్గరకెళ్లండి.

మిగతావి గబగబా చెబుతాను. మనిషిని పెట్టుకునే ముందు ఫెడరల్ డ్రగ్ అండ్ ఆల్కహాల్ క్లియరింగ్‌హౌస్‌లో వెతకాలి, ఏడాదికోసారి మళ్లీ వెతకాలి. ఇది 2020 జనవరి 6 నుంచి ఉంది. 2022 ఫిబ్రవరి 7 తర్వాత కొత్తగా సీడీఎల్ తీసుకునేవాళ్లు రిజిస్టరయిన స్కూల్లోనే శిక్షణ పొందాలి. 2025 జూన్ 25 నుంచి ఇంగ్లీషు చాలని డ్రైవర్ని తనిఖీలో రోడ్డు మీదే ఆపేయడం మళ్లీ మొదలయింది. వలస వచ్చినవాళ్లకిచ్చే సీడీఎల్‌ల మీద 2025 సెప్టెంబరులో అత్యవసర నిబంధన వచ్చింది, నవంబరులో కోర్టు దాన్ని నిలిపింది, వివాదం అక్కడితో ఆగలేదు. లైసెన్సు చూసిన రోజునే ఆ రోజు నిబంధన ఏమిటో కూడా చూసుకోండి. పాస్‌పోర్టు రంగు చూసి మనిషిని కాదనడం మాత్రం వేరే నేరం.

సభలో ఒక కుర్రాడు అడిగాడు, "అంకుల్, ట్రక్కులు వాటంతటవే నడిచే రోజులొస్తున్నాయి కదా, ఇదంతా ఎన్నాళ్లు?" అని. 2025లో అరోరా అనే కంపెనీ డల్లాస్, హ్యూస్టన్ల మధ్య డ్రైవరు లేకుండా సరుకు మోసింది, నిజమే. కొద్ది వారాలకే ముందు సీట్లో మళ్లీ ఒక మనిషిని కూర్చోబెట్టారు, ట్రక్కు తయారు చేసినవాళ్లు అడిగారని. హైవే మీద నడపడం నేర్చుకుంటుంది లెండి. చికాగోలో సందులో డాక్‌కి వెనక్కి పెట్టి, గార్డుతో మాట్లాడి, రశీదు మీద సంతకం చేయించుకుని, పగిలిన డబ్బా సంగతి తేల్చే యంత్రం ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. ఈ నెల పేరోలు మాత్రం పదిహేనో తారీకునే.

ఇంకొకాయన, నలుగురు డ్రైవర్లున్నాయన, సభ అయ్యాక పక్కకి పిలిచి అడిగారు. "మా వాళ్లే 1099 కావాలంటున్నారండీ. డబ్ల్యూ-టూ అంటే మానేస్తామంటున్నారు. ఏం చేయమంటారు?"

ఇది నిజమైన ప్రశ్న. ఆయనకి చెప్పిందే మీకూ చెబుతాను. వాళ్లని కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేసి చూపించండి. 1099 మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ రెండు వాటాలూ, 15.3 శాతం, అతనే కట్టుకోవాలి. కాలు విరిగితే ఆస్పత్రి ఖర్చు అతనిదే. లోడ్లు ఆగితే భృతి లేదు. రెండోది, రాత్రిళ్లు బయట పడుకునే డ్రైవరుకి రోజు బత్తా ఇవ్వవచ్చు. ఐఆర్ఎస్ వాళ్లు 2024 అక్టోబరు 1 నుంచి దేశం లోపల రోజుకి 80 డాలర్ల దాకా ఒప్పుకున్నారు. పద్ధతిగా రాసిపెట్టిన ప్లాను ద్వారా ఇస్తే దాని మీద అతనికి టాక్సు పడదు. ఇంటికి పట్టుకెళ్లే డబ్బులో తేడా చాలావరకు అక్కడే పూడుతుంది. మూడోది, ఇన్నాళ్లూ 1099లు ఏటేటా సక్రమంగా ఇచ్చి ఉంటే, ఆడిట్ రాకముందే మీ అంతట మీరు ఐఆర్ఎస్ దగ్గరికి వెళ్లి డబ్ల్యూ-టూకి మారే స్వచ్ఛంద పథకం ఒకటి ఉంది, 2011లో పెట్టారు. ఒక్క ఏడాది టాక్సులో చిన్న భాగం కట్టించుకుని పాత ఏళ్ల జోలికి రారు. ఫారం నంబరు 8952. ఆడిట్ కాగితం వచ్చాక ఆ తలుపు తెరుచుకోదు. రాష్ట్రం సంగతి విడిగా మాట్లాడుకోవాలి.

ఆయన ఫారం నంబరు బోర్డింగ్ పాస్ వెనకాల రాసుకున్నారు. మా మామయ్య డ్రైవర్లకి బత్తా ఇచ్చేవారా అని కూడా అడిగారు. ఇచ్చేవారు. లారీ కదలక ముందే, చేతికి, నగదుగా.